తెరమీది చేను

ఈ నెల మేము వ్రాయబోయే సంగతి మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అది ఒక ఆటను గురించినది. కబడ్డీ కాదు, క్రికెట్టు కాదు; సెల్‌ఫోను తెరమీద ఆడుకొనే ఆట. "అయ్యగారికి ఏమైంది?" అని పేజీ త్రిప్పక మునుపు కొంచెము ఓపిక పట్టమని మనవి. నాగలి పట్టిన కుటుంబములకు ఇది దూరపు సంగతి కాదు.

మా అక్క కుమారుడు ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదువుతూ అక్కడి హాస్టలులో ఉంటున్నాడు. ప్రతి శనివారము సాయంత్రము తార్నాక చౌరస్తాలో బస్సెక్కి మౌలాలిలోని మా యింటికి వస్తాడు. ఆదివారము ఆరాధనకు కుర్చీలు వేసేదీ వాడే, తీసేదీ వాడే. ఊరు జనగామ దగ్గరి పల్లె. తండ్రికి నాలుగెకరాలు: రెండు పత్తి, ఒకటిన్నర వరి, మిగిలినది గట్టు, బోరు, వేపచెట్టు. వాడు పదో తరగతి తరువాత ఆ చేనులో కాలు పెట్టినది చాల తక్కువ. "సదువుకుంటున్నడు, ఎండల ఎందుకు?" అని మా అక్కే పంపలేదు.

ఒక శనివారము రాత్రి భోజనమైన తరువాత వాడు మూలన కూర్చుండి ఫోను చూస్తున్నాడు. ఏమి చూస్తున్నాడో అని వెనుకనుండి తొంగి చూచితిమి. చిన్న పిల్లవాడి బొమ్మ ఒకటి టోపీ పెట్టుకొని, డబ్బాతో మొక్కలకు నీరు పోస్తున్నది. ఒక మడి అయిన తరువాత ఇంకొకటి. మాకు నవ్వు రాలేదు, కోపము వచ్చినది. "నీ తండ్రి చేనుకు నీళ్ళు లేక కరెంటు కోసము రాత్రి రెండు గంటలకు మోటారు దగ్గర పడిగాపులు పడుతుంటే, నీవు బొమ్మ చేనుకు నీరు పోస్తున్నావా?" అన్నాము. వాడు ఫోను మూసి, తల దించుకొని, "పండుకుంట మామా" అని లేచి వెళ్ళినాడు. ఆ రాత్రి మా యింటావిడ, "మీరు కొట్టినా వాడు అట్ల ముఖము పెట్టడు" అన్నది. ఆ మాట మాకు గుచ్చుకొన్నది.

మరుసటి వారము మేమే అడిగితిమి. "ఆ ఆట ఏమిటో చూపించు." వాడు మొదట నమ్మలేదు. తరువాత పక్కన కూర్చుండి చూపించినాడు. అట్లు ఒకటి కాదు, నాలుగైదు శనివారములు చూచితిమి. ఇప్పుడు దాని చరిత్ర కొంత మాకు తెలుసు.

ఈ ఆట ఇంగ్లీషు పేరు హార్వెస్ట్ మూన్. పుట్టినది జపానులో, 1996 ఆగస్టు నెలలో. అక్కడి పేరు బొకుజో మొనొగతారి. అనగా పశువులను మేపుకొనే పొలము కథ అని చెప్పవచ్చును. దీనిని తలపెట్టినవాడు యసుహిరో వాడా అను ఆయన. దక్షిణ జపానులోని క్యూషూ ద్వీపములో, మియాజాకి అను ప్రాంతమునుండి టోక్యో పట్టణమునకు బ్రతుకుతెరువు కోసము వచ్చినవాడు. పట్టణము మోజు తీరిన తరువాత, విడిచివచ్చిన పల్లె వాతావరణమే ఆయనకు జ్ఞాపకము రాసాగినది. ఆ రోజులలో వీడియో ఆటలనగా కత్తులు, తుపాకులు, తన్నులు. పోట్లాట లేని ఆట చేయవలెనని ఆయన పూనుకొన్నాడు. మొదట పదిమందితో ఆరంభమైన పని డబ్బు చిక్కులలో కూలిపోయినది. చివరకు ఆయనతో కలిపి ముగ్గురే మిగిలి, మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేసినారు. అది విడుదలయ్యే నాటికి, దానిని ఆడే సూపర్ ఫామికామ్ అను యంత్రమునకే కాలము చెల్లవచ్చినది. దాని తరువాతి యంత్రము అప్పటికే జపాను అంగళ్ళలోకి వచ్చియున్నది. అయినను ఆ ఆట నిలిచినది. ముప్పది సంవత్సరములు కావస్తున్నా దాని సంతానము ఇంకను వస్తూనే ఉన్నది.

మా మేనల్లుడు ఆడేది అందులో ఒకటి, జపానులో 1999 డిసెంబరులో ప్లేస్టేషన్ యంత్రము కొరకు వచ్చినది. పేరు బ్యాక్ టు నేచర్. వాడు పుట్టకముందు ఆట! బొమ్మలు ఈనాటి లెక్కకు ముతకగానే ఉన్నవి, ముఖములు గుండ్రముగా, కాళ్ళు పొట్టిగా. దీనికన్న వెయ్యి రెట్లు అందమైన ఆటలు వాడి స్నేహితుల ఫోనులలో ఉన్నవి. మరి దీనిలో ఏమున్నది?

కథ చెప్పుదుము. ఒక పిల్లవాడు చిన్నప్పుడు సెలవులకు తాతగారి పొలమునకు వెళ్ళినాడు. ఏండ్లు గడిచినవి. తాత చనిపోయినాడు. ఆ పొలము రాళ్ళతో, మొద్దులతో, కలుపుతో బీడు పడియున్నది. మనుమడు వచ్చి నిలుచున్నాడు. ఊరివారు అతనికి మూడు సంవత్సరముల గడువు ఇచ్చినారు. ఈలోగా పొలమును బాగుచేసి ఊరిలో కలిసిపోతే ఉండవచ్చును, లేకపోతే వెళ్ళిపోవలెను. ఇంతే.

తరువాత అంతా పనియే. తెల్లవారి ఆరు గంటలకు లేవడము, రాళ్ళు పగులగొట్టడము, పారతో నేల త్రవ్వడము. విత్తనముల సంచి కొని చల్లితే అది తొమ్మిది గళ్ళ మడికి సరిపోవును. మొదట వేసేది టర్నిపు, మన ముల్లంగికి చుట్టము. ప్రతి దినము నీరు పోయవలెను. వాన పడిన దినము మాత్రము సెలవు. అయిదవ దినమునకు దుంప చేతికి వచ్చును. కాలమునకు ముప్పది దినములు, నాలుగు కాలములు, నూటయిరవై దినములకు ఒక సంవత్సరము. రాత్రి టీవీలో రేపటి వాతావరణము చెప్పుదురు. వేసవిలో తుపాను వచ్చిన దినము ఇల్లు కదలకూడదు. మరునాడు చేనుకు పోతే కొన్ని మొక్కలు పోయి ఉండును. కోడికి మేత వేయకపోతే గ్రుడ్డు పెట్టదు. ఆవును పట్టించుకొనకపోతే జబ్బు పడి చచ్చిపోవును. దగ్గరకు పోయి మాట్లాడినా, బ్రష్షుతో ఒళ్ళు రుద్దినా దానికి మన మీద ప్రేమ పెరుగును. అదియు లెక్కలోనికి వచ్చును.

ఊరిలో వైద్యుడున్నాడు, కమ్మరి ఉన్నాడు, కోళ్ళు పెంచేవారున్నారు. ప్రతివానికి పుట్టినరోజు ఉన్నది. వారిని పలుకరించక, చేను చూచుకొని తలుపు వేసుకొంటే ఊరు కలుపుకొనదు. యౌవనస్థురాలైన ఒకతెకు నీలి ఈక ఇచ్చి వివాహమాడవచ్చును. ఆ వివాహము జరిగేది ఎక్కడనుకొన్నారు? చర్చిలో. అవును, ఆ ఊరిలో ఒక చర్చి, ఒక పాదిరి ఉన్నారు. మాకు అది చూచి ముచ్చట వేసినది. అయితే అదే ఊరి ఊటలో పంటల దేవత అని ఒకతె కూడా ఉన్నది, ఆమెకు కానుక వేయుదురు. అది జపాను దేశపు కథలలోనుండి వచ్చినది. మేము ముఖము చిట్లించితిమి. మా వాడు, "నేను అందుల ఏం వెయ్యలే మామా" అన్నాడు. చర్చి లోపలికి మాత్రము ఎన్నిసార్లు వెళ్ళినావని అడిగితే నవ్వి ఊరకున్నాడు. సరే, ఆ లెక్క మేము విడిచిపెట్టితిమి.

ఈ ఆటకు తరువాత చాలామంది తమ్ముళ్ళు పుట్టినారు. 2009 జూన్‌లో జింగా అను అమెరికా కంపెనీ ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ అను ఆటను తెచ్చినది. మీలో కొందరి పిల్లలు అప్పుడు తెల్లవార్లు ఆడియుండవచ్చును. 2010 నాటికి నెలకు ఎనిమిది కోట్లమందికి పైగా ఆడినారు. అయితే దానిలో ఒక తిరకాసు. ఫార్మ్‌విల్ పంట మన గడియారముతో నడిచేది. వేసిన పంటను చెప్పిన గంటకు వచ్చి కోయకపోతే వాడిపోయేది. కాబట్టి పిల్లలు నిద్ర మాని, క్లాసు మాని కోతకు పరుగెత్తేవారు. ఇది అవ్వాలంటే స్నేహితులను అడుగు, లేకపోతే డబ్బు పెట్టు అని పీడించేది. 2020 డిసెంబరు 31న దానిని మూసివేసినారు. ఆ పొలములన్నియు ఒక్క దినములో మాయమైపోయినవి. పాత హార్వెస్ట్ మూన్ అట్టిది కాదు. యంత్రము ఆపితే ఆ లోకములో సూర్యుడు ఆగును. నెల తరువాత తెరిచినా మొక్క అదే ఎత్తున, ఆవు అదే చోటున మన కొరకు కనిపెట్టుకొని ఉండును. అది మనలను పిలిచి పీడించదు. మనమే పోవలెను. ఆ పాతదాని మీది ప్రేమతో ఎరిక్ బరోన్ అను అమెరికా యువకుడు నాలుగేండ్లకు పైగా ఒంటరిగా కష్టపడి, బొమ్మలు, సంగీతము అన్నియు తానే చేసి 2016 ఫిబ్రవరిలో స్టార్‌డ్యూ వ్యాలీ అను ఆటను తెచ్చినాడు. దానిలోను తాతగారి పొలమే!

ఇదంతా విని మేము ఒక ప్రశ్న వేసితిమి. "నిజమైన చేను ఇంటి దగ్గర ఉండగా ఇది ఎందుకురా?"

వాడు వెంటనే చెప్పలేకపోయినాడు. చాలసేపటికి, "ఇండ్ల పని చేస్తే అయితది మామా" అన్నాడు.

మేము ఆ మాటను చాల దినములు తలపోసితిమి. చిన్నతనములో మా నాయనమ్మ వామనగుంటల పీట ముందు పెట్టుకొని చింతగింజలు పంచుతుండేది. ఇటు ఏడు, అటు ఏడు గుంటలు. చేతిలోని గింజలు గుంటకొకటి చొప్పున విడుచుకొంటూ పోవడమే. పగలంతా చేనులో విత్తి వచ్చిన మనిషి రాత్రి కూర్చుండి మరల విత్తేది! అప్పుడు మాకు తోచలేదు గాని, ఆ పీటమీద కరువు లేదు, షావుకారు లేడు. గింజ వేసినచోట గింజ ఉండేది.

అసలు సంగతి గత కార్తీకములో జరిగినది. పత్తి మొదటి ఏరుడు అయిన తరువాత మా బావ జనగామలో ప్యాసింజరు ఎక్కి మౌలాలిలో దిగినాడు. కండ్లు చూపించుకొనుటకు వచ్చినాడని అనుకొంటిమి. శనివారము గనుక కొడుకు కూడా ఉన్నాడు. అన్నము తిన్న తరువాత బావ చెప్పినాడు. ఊరి బయట ప్లాట్ల వెంచరు వేసేవారు వచ్చి, రోడ్డు వైపు రెండెకరాలు అడుగుతున్నారు. వారు చెప్పిన ధర, బావ జన్మలో పత్తితో చూడనిది. అప్పు తీరును, పిల్ల పెండ్లి అగును. "వీనికేమన్న కావాల్నా, ఉంచాల్నా, అమ్మాల్నా, అడిగి పోదామని వచ్చిన బామ్మర్దీ. వీడు ఫోన్ల ఏమడిగినా 'నీ ఇష్టం నాయినా' అంటడు."

వాడు ఏమియు పలుకలేదు. గదిలో ఫంకా చప్పుడు తప్ప ఏమియు లేదు. మాకేమి తోచక, "బావా, మీ వాడు ఇక్కడ వ్యవసాయము చేస్తున్నాడు, చూస్తారా?" అన్నాము. వాడు మావైపు ఎంత కోపముగా చూచినాడో ఇప్పటికిని జ్ఞాపకము. అయినను బావ కండ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకొన్నాడు. "తీయి, చూద్దాం."

మేము అనుకొన్నది ఒకటి, జరిగినది ఒకటి. తిట్టునని అనుకొంటిమి. బావ తిట్టలేదు. రైతు ప్రక్క చేను చూచినట్లు చూచినాడు. మొదట అడిగినది, "నీళ్ళెక్కడియి?" చెరువునుండి డబ్బాతో తెచ్చుడని కొడుకు చెప్పినాడు. "కరెంటు లొల్లి లేదన్నట్టు. ఇత్తనం ఎంత?" టర్నిపు సంచి 120. తొమ్మిది దుంపలు వచ్చును, ఒక్కొక్కటి 60 చొప్పున అమ్మకము. బావ వ్రేళ్ళమీద లెక్క వేసినాడు. "అయిదు వందల నలుబై. నూటిర్వైకి! ఇత్తనం మొల్వకపోతే?" అట్లా కాదు నాయినా, మొలుస్తది. "నకిలీది అయితే?" ఇందులో నకిలీ ఉండదు. "ఎవడు కొంటడు?" పెట్టెలో వేస్తే సాయంత్రము అయిదు గంటలకు ఒక మనిషి వచ్చి పట్టుకపోయి పైసలు ఇచ్చును. "అదే ధరకా? అందరు టర్నిపే ఏస్తే?" ఎంత వేసినా అరువదే.

బావ కొంతసేపు మాటాడలేదు. తరువాత నవ్వినాడు. ఆ నవ్వు మాకు ఇష్టము కాలేదు.

మా బావ పత్తి వేయడము మొదలుపెట్టినది 1997లో, అప్పటికి ఇరువదేండ్లవాడు. ఆ సంవత్సరమే పురుగు వచ్చి వరంగల్లు జిల్లాలో పత్తి తుడిచిపెట్టుకొని పోయినది. మందులు ఎన్ని కొట్టినా చావలేదు. 1997-98లో ఆ జిల్లాలో అనేకమంది రైతులు, ఆ పురుగుకు కొట్టవలసిన మందే త్రాగి చనిపోయిరి. అప్పుడు జనగామ కూడ ఆ జిల్లాలోనిదే. మా బావతో కలిసి బడికి పోయిన ఒకాయన వారిలో ఉన్నాడు. ఆ సంగతి బావ ఎప్పుడును ఇంటిలో మాటాడడు. 2024-25లో పొడుగు పింజ పత్తికి క్వింటాలు 7,521 రూపాయలని ప్రభుత్వము మద్దతు ధర ప్రకటించినది. అయితే తేమ నూటికి ఎనిమిది పాళ్ళు దాటితే ధరలో కోత, పన్నెండు దాటితే కొననే కొనరు. మంచు కాలములో ఏరిన పత్తిని ట్రాక్టరుమీద వేసుకొని పోయి, ఆ మిషను ఏమి చూపునో అని నిలుచున్నవానికి, ఎంత వేసినా అరువదే అను మాట ఎట్లు వినబడునో మీలో చాలమందికి మేము చెప్పనక్కరలేదు.

"గిట్లుంటే నేను గుడ ఆడుదును," అన్నాడు బావ.

అప్పుడు కొడుకు నోరు తెరిచినాడు. చిన్ననాడు తండ్రి భుజముమీద కూర్చుండి బోరు దగ్గరకు పోయినది, వేపచెట్టు క్రింద సద్ది తిన్నది జ్ఞాపకమని చెప్పినాడు. తొమ్మిదో తరగతిలో ఒకనాడు రాత్రి తండ్రి అప్పులవానితో బ్రతిమాలుకొంటుంటే కిటికీనుండి విన్నానని, ఆ తరువాత చేనుకు పోవలెనంటే భయము వేసినదని చెప్పినాడు. "పనికి కాదు నాయినా నేను భయపడ్డది." ఈ సంగతి మా అక్కకు తెలియదు, మాకును తెలియదు. వాడు బద్ధకస్థుడని, పట్టణము మరిగినాడని మేమే తీర్పు తీర్చియుంటిమి. ఆ మొదటి రాత్రి మేము అన్న మాట వాడికి ఎక్కడ తగిలినదో అప్పుడు తెలిసినది. అక్కడే, వాడి తండ్రి ముందరే, క్షమించుమని అడిగితిమి. వాడు, "ఊకో మామా" అన్నాడు.

హార్వెస్ట్ మూన్ మొట్టమొదటి ఆట, 1996 నాటిది, కథ కొంచెము వేరు. దానిలో తలిదండ్రులు కుమారునికి పొలము అప్పగించి ప్రయాణమైపోవుదురు. రెండున్నర సంవత్సరముల తరువాత తిరిగి వచ్చి, వాడు ఏమి చేసినాడో చూతురు. అక్కడితో ఆట ముగియును. మా వాడు ఇది చెప్పగా విని బావ, "ఇప్పుడు నేను అట్లనే వచ్చిన్నా?" అన్నాడు. ముగ్గురము నవ్వితిమి. ఈసారి నవ్వు బాగున్నది.

"అయితే చెప్పు. రోడ్డు దిక్కుది అమ్మాల్నా?"

వాడు ఫోను ప్రక్కన పెట్టినాడు. "అమ్మితే అప్పు తీరుతది, నేను కాదన. చెల్లె పెండ్లి గుడ కావాలె. కాని బోరు దిక్కుది ఉంచు నాయినా. అదీ పోతే నేను ఊరికొచ్చి ఎక్కడ నిలవడాలె?"

బావ ఔననలేదు, కాదనలేదు. "మీ అమ్మనడగాలె" అన్నాడు. ఆ రాత్రి తండ్రి కొడుకులు మా ముందరి గదిలో ఒకే చాపమీద పండుకొన్నారు. మేము మధ్యరాత్రి మంచినీళ్ళకు లేచితే ఇంకను దీపము వెలుగుతున్నది. బావ ఫోను పట్టుకొని కూర్చున్నాడు, కొడుకు ప్రక్కనుండి వ్రేలితో చూపుచున్నాడు. "ఆ మూలకు రాయి ఉన్నది, తియ్యలేదేంది?" "సుత్తె పెద్దది కావాలె నాయినా, కమ్మరాయినకు ఇయ్యాలె." "ఇయ్యి మరి."

ఆదివారము ఆరాధన అయిన తరువాత బావను స్టేషనుకు తీసుకొని పోయితిమి. మౌలాలి గుట్టమీద ఎండ పడుచున్నది. బండి ఆలస్యము. బెంచీమీద కూర్చుండి బావ చాలసేపు పట్టాలవైపు చూచి, కొడుకునడిగినాడు.

"దాంట్ల ఆవులే ఉన్నయా? బర్రె లేదా?"

"లేదు నాయినా. ఆవులు, గొర్రెలు, కోళ్ళు, ఒక గుర్రం."

"గుర్రమెందుకు, బర్రె లేకుంట?" అన్నాడు బావ. బండి కూత వినబడినది. లేచి సంచి భుజాన వేసుకొని, "సంక్రాంతికి రా. బోరు కాడ కాలువ పూడింది, ఇద్దరం తీద్దం" అన్నాడు. వాడు సరేనన్నాడు.